వెనకాల కాదు, ముందుగా

నేను క్యారవాన్‌ను. ఫోర్స్ ట్రావెలర్‌గా పుట్టాను. సీట్లు తీసేసి మంచాలు, నీళ్ల ట్యాంకు, చిన్న వంటగది అమర్చాక ఈ రూపం వచ్చింది. బెంగళూరు నుంచి లేపాక్షి, హిందూపురం, పెనుకొండ మీదుగా ధర్మవరం దాకా సైకిళ్లు తొక్కే బృందాలకు తోడుండటమే నా బతుకు. తోడు బండి సైకిళ్ల వెంటే నడవకూడదు, ముందుగా వెళ్లి చెప్పిన చోట ఆగి ఉండాలి అంటాను. వెనక బండి ఉంటేనే రక్షణ అని చాలామంది నమ్మకం. పెనుకొండ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి మీద ఆ నమ్మకం నిలవదు. సైకిళ్ల వేగం గంటకు 20 కిలోమీటర్లు. నేనూ అదే వేగంతో పాకితే, 80లో వచ్చే లారీకీ నాకూ మధ్య దూరం సెకనుకు దాదాపు 17 మీటర్ల చొప్పున తరిగిపోతుంది. డ్రైవరు నన్ను 200 మీటర్ల ముందే చూసినా అతనికి దక్కేది 12 సెకన్లు. పైగా నా ముందున్న సైకిళ్లు అతనికి కనబడవు. నన్ను దాటి ఎడమకు తిప్పాడంటే నేరుగా వాటి మీదికే. ఎర్రమంచి దగ్గర కియా కర్మాగారంలో 2019లో ఉత్పత్తి మొదలయ్యాక కార్లు మోసే పొడవాటి ట్రైలర్లు కూడా ఈ దారిలో చేరాయి.

ఈ దారిలో రైడర్‌కు కావలసింది కాపలా కాదు, నీళ్లు, నీడ. ఇది పడమటి కనుమల వానచాటు నేల. ఎండలో తొక్కే మనిషికి గంటకు లీటరు దాకా చెమట పోతుంది. సైకిల్‌కు తగిలించే రెండు సీసాల్లో పట్టేది లీటరున్నర. అంటే గంటన్నరకు, సుమారు 30 కిలోమీటర్లకు అవి ఖాళీ. అందుకే నేను సోమందేపల్లిలో ఒకసారి, పెనుకొండ కోట కింద ఒకసారి, ధర్మవరం వైపు తిరిగే ముందు చెన్నేకొత్తపల్లిలో ఒకసారి ఆగి ఉండాలి. ఉత్త నీళ్లూ చాలవు. చెమటతో ఉప్పు పోతుంది. అదే పనిగా మంచినీళ్లే తాగితే రక్తంలో సోడియం పడిపోయి మనిషి తికమకపడతాడు. ఉప్పు వేసిన మజ్జిగ, ఓఆర్ఎస్ నా దగ్గర ఉండి తీరాలి. ఎండకు నీరసించినవారిని లోపల పడుకోబెట్టి తడిగుడ్డతో ఒళ్లు తుడవవచ్చు. మాట తడబడిందంటే మాత్రం నా వల్ల కాదు, వెంటనే 108 అంబులెన్స్‌కు ఫోన్ చేయాలి.

ఎవరి బరువు వారే మోయాలి, తోడు బండి ఉంటే అది సైకిల్ యాత్రే కాదనేవారున్నారు. 200 కిలోమీటర్ల బ్రెవేను, అంటే గడువులోపు సొంతంగా తొక్కి ముగించాల్సిన సైకిల్ యాత్రను, పదమూడున్నర గంటల్లో ముగించేవారి మాట అది, గౌరవించాల్సిందే. అయితే బ్రెవే నియమాలూ సాయాన్ని పూర్తిగా కాదనలేదు. రైడర్ల రాకను నమోదు చేసే కంట్రోల్ పాయింట్ల దగ్గర చేయవచ్చు, దారి పొడుగునా వెంట రాకూడదన్నాయి. నేననేదీ అదే. రేస్ అక్రాస్ అమెరికా సైకిల్ పోటీలో రాత్రిపూట బండి వెనకే ఉండాలి కదా అని ఇంకొందరు అడుగుతారు. నిజమే, అక్కడ రోడ్డు మీద ఉన్న ఒక్క రైడర్ వెనక అతని బండి నడుస్తుంది. ఇక్కడ ఇరవై మంది ఉంటే, గంట తిరిగేసరికి మొదటివారికీ చివరివారికీ మధ్య ఐదు కిలోమీటర్లు. నేను ఎవరి వెనక ఉండను? చీకట్లో తొక్కకపోవడమే మేలు. చివరివారి వెనక పంపు, ట్యూబులు, ఫోన్ ఉన్న అనుభవజ్ఞుడైన రైడర్ రావాలి.

అన్నీ నాలోనే వండుకు తింటే దారిలోని ఊళ్లతో పనేముందనే ఆక్షేపణకు మాత్రం నా దగ్గర ఎదురు మాట లేదు. ఉగ్గాని, బజ్జీ హిందూపురం హోటల్లోనే తినాలి. 1565 యుద్ధం తర్వాత విజయనగర పాలకులు మకాం మార్చిన పెనుకొండలో గగన్ మహల్ చూడాలి. ధర్మవరంలో పట్టుమగ్గం ముందు కాసేపు నిలబడాలి. రాత్రికి లాడ్జీలున్నాయి, నా మంచాలు నీరసించినవారికి వదిలేయండి. బృందం నడిపేవారికి నా విన్నపం: ఆగే చోట్లు, వేళలు ముందురోజే రాసి నా డ్రైవరు చేతికివ్వండి. హైవే అంచున కాకుండా, రోడ్డు పూర్తిగా దిగి పెట్రోలు బంకులోనో ఊళ్లోనో నన్ను ఆపమని చెప్పండి.