ఒక ‘త్వరలో’కు టీకా తాత్పర్యము

మూలము:
“మా స్టూడియో నుండి త్వరలో! అనంత లోకాలు, అసంఖ్యాక ముగింపులతో తెలుగులో మహాద్భుత టెక్స్ట్ ఫాంటసీ గేమ్. ఎల్డ్రామోర్ సామ్రాజ్యం మీ ఆజ్ఞ కోసం వేచి ఉంది.”

అవతారిక: ఈ మూలమునకు కర్త ఒక్కడని చెప్పజాలము. జనగామలోనైనను, మానుకోటలోనైనను, భూపాలపల్లిలోనైనను ఉద్యోగము ముగించి రాత్రి లాప్‌టాప్ తెరచి ఒంటరిగా గేము వ్రాయ మొదలిడిన ప్రతివాడును ఏదో ఒకనాడు వ్రాయు వాక్యమిది. మూలములో లేనిది వ్రాయను, అక్కరలేనిది పలుకను అని కొల్చారము మల్లినాథసూరి ప్రతిజ్ఞ. అందులో రెండవ సగము ఈ టీకాకారుని వల్ల కాదు.

మా – ఉత్తమపురుష బహువచనము. కర్త ఒక్కడే. గ్రాఫిక్స్ లేని ఆటకు చిత్రకారుడు అక్కరలేదు, సంగీతము లేదు, జీతములు లేవు. అయినను బహువచనము! పూర్వము రాజులు శాసనములలో ఇట్లు పలికిరందురా? వారికి సైన్యముండెడిది.

స్టూడియో – సులభము. వదలుచున్నాను.

త్వరలో – కాలవాచకము. పాఠాంతరములు: ‘అతి త్వరలో’, ‘ఉగాదికి’, ‘ఈ ఒక్క బగ్ తీరగానే’. చివరిదే సాధుపాఠము.

అసంఖ్యాక ముగింపులు – ఇచట కొంత ఆగవలెను. ముగింపులెన్ని ఉన్న ఆట గొప్పది? బేతాళ కథను చూడుడు. స్థలములు మూడే: చెట్టు, దారి, శ్మశానము. వస్తువు ఒకటే: శవము. ఆటగాడు శవమును భుజాన వేసికొనును, శవము కథ చెప్పును, చివర ప్రశ్న వేయును. జవాబు తెలిసియు పలుకకున్న తల వ్రక్కలగును. పలికిన శవము తిరిగి చెట్టెక్కును. ఎంత చక్కని ఉచ్చు! గెలిచిన కొలది మొదటికే వచ్చుట, నిజముగా తెలియనప్పుడే బయటపడుట. పదునొకండవ శతాబ్దిలో కాశ్మీరమున సోమదేవుడు కథాసరిత్సాగరములో చేర్చినవి ఇరవై ఐదు కథలు. చందమామ వారు ఆ ఇరవై ఐదు చాలక కొత్తవి అల్లించి దశాబ్దముల తరబడి నడిపిరి. శవము దిగుచునే యుండెను, ఎక్కుచునే యుండెను. అయినను నాలుగవ స్థలము అవసరము కాలేదు. ఒక్కొక్కసారి అనుకొందును, చెట్టు నుండి శ్మశానమునకు ఆ దారి ఎంత పొడవు? ఏ కథయందును కొలత లేదు. కథ ఎంత పొడవో దారి అంత. ఇంతకన్న మంచి డిజైను ఉన్నదా? ఏ పదము వద్ద ఆగితిమి? ఆఁ, ముగింపులు. మన కర్తకు ముగింపులు అసంఖ్యాకములు, వ్రాసినది ఒక్క గది.

అనంత లోకాలు – మంచుకొండలు, పానశాల, బ్రాండర్ అను కమ్మరి. మే నెలలో భూపాలపల్లి బొగ్గుగనుల పక్కన కూర్చుండి హిమపాతమును వర్ణించుట సాహసమే.

ఇట్టి టెక్స్ట్ ఆటలకు మూలపురుషుడు విల్ క్రౌథర్ అను అమెరికా ప్రోగ్రామరు. 1976 ప్రాంతమున అతడు వ్రాసిన ‘అడ్వెంచర్’లోని గుహ కెంటకీలో నిజముగా ఉన్నది, అతడు పాకి, కొలిచి, పటము గీసినది. మరుసటి ఏడు డాన్ వుడ్స్ దానిని పెంచి మాయలు మరికొన్ని చేర్చెను. ముందు గుహ, తరువాత మాయ.

మన పాండవుల గుట్ట ఏం పాపం చేసింది? రేగొండ దగ్గరే ఉంది కదా, గుహలున్నాయి, రాతి మీద ఆదిమానవులు వేసిన బొమ్మలున్నాయి. జర ఒక్కపారి పోయి చూసి రారాదు? కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద యముడు, శివుడు. ముందు యముణ్ణి మొక్కి తర్వాత శివుణ్ణి మొక్కాలి. వరస తప్పితే ఏమవుతుందో రాసుకుంటే చాలదా? పెంబర్తిలో ఇత్తడి పనివాళ్లుండగా ఈ బ్రాండర్ ఎవడు? కాకతి గణపతిదేవుని చెల్లెలు మైలమ బయ్యారంలో చెరువు తవ్వించి శాసనం వేయించింది. ఆమెను వదిలి ఎల్డ్రామోర్ మహారాణి దగ్గర చేతులు కట్టుకుని నిలబడాలా?

క్షమింపుడు, టీకలో వ్యావహారికము దూరినది.

ఆజ్ఞ – ఆటగాడు టైపు చేయు మాట. క్రౌథర్ ఆట ఏ మాటలోనైనను మొదటి ఐదక్షరములే చూచెడిది. కారణము పీడీపీ-10 యంత్రము: దాని మెమరీలో ఒక్కొక్క పదమునకు 36 బిట్లు, ఏడేసి బిట్ల అక్షరములు ఐదు పట్టి ఒక బిట్టు మిగులును. ఈ నియమము తెలుగునకు పెట్టి చూతము. యూనికోడులో ‘కత్తి’ అనగా క, త, పొల్లు, త, గుడి: సరిగా ఐదు. కనుక కత్తిని, కత్తితో, కత్తికి అన్నియు కత్తియే. ‘కత్తిరించు’ కూడ కత్తియే! ‘కత్తితో కత్తిరించు’ అన్నచో యంత్రమునకు ‘కత్తి కత్తి’ అని వినిపించును. విభక్తులు తోకవలె మాట చివర వ్రేలాడు భాషకు ఇంగ్లీషు పార్సరు చాలదు. ఒంటరివాడు చెమటోడ్చవలసిన చోటు ఇది. ‘తెరువు’, ‘తియ్యి’, ‘తెర్వు’ మూడింటికీ ఒక్క తలుపే కదలవలెను. మన కర్త ఆ వారమంతయు లోగో మార్చుచుండెను.

వేచి ఉంది – కర్తృపదము సందేహాస్పదము. సామ్రాజ్యము ఇంకను లేదు కనుక వేచియుండజాలదు. వేచినవాడు ఆటగాడు. లింకు నొక్కెను. ‘తలుపు తియ్యి’ అని తెలుగులో టైపు చేసెను. జవాబు వచ్చెను, “ఐ డోంట్ అండర్‌స్టాండ్ దట్” అని.