తూనికలు, కొలతల శాఖ వారికి ఒక జాడీ తరఫున

మహారాజశ్రీ తూనికలు, కొలతల శాఖ వారి దివ్య సముఖమునకు,

తెనాలి నుంచి ఒక ఇల్లాలు నమస్కరించి వ్రాయు విన్నపము. తమరు క్షేమమని తలుస్తాను. బజారులో కాటాలన్నీ సరిగ్గా తూగుతున్నాయనీ, తూనికరాళ్ల మీద తమ ముద్రలు చెక్కుచెదరలేదనీ, అందుచేత తమరు నిశ్చింతగా నిద్రపోతున్నారనీ కూడా తలుస్తాను. మా ఇంట్లో నిద్ర లేదు. ఆవకాయ పాడయ్యేలా ఉంది.

మూడో రోజు మూత తీసి తిరగకలిపేసరికి ముక్క మీద అంగుళం నూనె తేలాలి కదండీ. తేలలేదు. పిండి పిండిగానే ఉంది, ముక్క ముక్కగానే ఉంది. మా అత్తగారు జాడీలోకి చూసి, తర్వాత నా వంక చూసి, "నూనె ఎవరు తాగారే?" అన్నారు. ఇన్ని కాయలకి అయిదు ప్యాకెట్ల పప్పునూనె అని ఏళ్ల తరబడి ఆవిడ లెక్క. సోలలూ మానికలూ అటకెక్కాక మా వంటింట్లో ప్యాకెట్టే కొలత. తెచ్చింది అయిదు, పోసింది అయిదు. చెత్తబుట్టలోంచి ఖాళీ కవర్లు ఏరుకుని, కళ్లజోడు పెట్టుకుని, కిటికీ దగ్గరికెళ్లి చూస్తే అప్పుడు దొరికింది దొంగ. నికర బరువు 850 గ్రాములు.

ఎప్పుడూ 910 ఉండేది. అదే కవరు, అదే రంగు, అంతే ఎత్తు, దాని మీద అదే దీపమూ అదే పువ్వూ. ధర పైసా తగ్గలేదు. ఒక్కోదాన్లో 60 గ్రాములు, అయిదింటికీ కలిపి 300. జాడీలో పైన తేలాల్సిన నూనె సరిగ్గా అదే. నన్ను బూజు నుంచి, అత్తగారి నుంచి కాపాడాల్సిన నూనె.

కొట్టాయన్ని నిలదీశాను. "కంపెనీవాడు ఎంత పోస్తే అంతేనమ్మా. నా కాటాకి ముద్రుంది, చూసుకోండి" అన్నాడు. చూశాను, ఉంది. ఎలక్ట్రానిక్ కాటాకి ఏటా మీ దగ్గర ముద్ర వేయించుకోవాలట, లేకపోతే కేసట. సంతోషం. కూరగాయల బండి ఆవిడ కిలో వంకాయల్లో యాభై గ్రాములు కొడితే మీరు పట్టుకుంటారు, జరిమానా వేస్తారు, మర్నాడు పేపర్లో ఫొటో కూడా వస్తుంది. అదే యాభై గ్రాములు ప్యాకెట్లో తగ్గితే దాని పేరు కొత్త ప్యాకు. 850 అని రాశాడు, 850 పోశాడు, తూకం ఖచ్చితం. ఎంత నిజాయితీ! అయ్యా, ఆ నిజాయితీని పట్టుకునే కాటా మీ దగ్గరేమైనా ఉందా?

ఒకప్పుడు ఉండేదట. 2011 నాటి ప్యాకేజీ నిబంధనల్లో రెండో షెడ్యూలని ఒకటుండేది. నూనె, టీ పొడి, ఉప్పు, సబ్బు, బిస్కెట్లు, పాలపొడి, చివరికి సిమెంటు దాకా 19 రకాల సరుకులు ఏ ఏ బరువుల్లోనే కట్టాలో అందులో రాసిపెట్టారు. పావు కిలో అంటే పావు కిలో, అర కిలో అంటే అర కిలో. 2021లో ఢిల్లీ వాళ్లు దాన్ని ఎత్తేస్తూ సవరణ తెచ్చారు. ఇక ఎవరికి ఎంత బుద్ధి పుడితే అంత కట్టుకోవచ్చు. బదులుగా గ్రాముకి ఎంత పడిందో అచ్చు వేయాలన్నారు, అది చూసి మేం పోల్చుకోవాలట. పోల్చుకుందాం రండి. పది రూపాయల బిస్కెట్ ప్యాకెట్లో 68 గ్రాములుంటే గ్రాముకి రూ.0.15. అందులోంచి మూడు గ్రాములు తీసేసి 65 చేసినా గ్రాముకి రూ.0.15. దశాంశం తర్వాత రెండంకెలకి సవరించాలన్నది మీ రూలే కదా, ఆ సవరణలో మా మూడు గ్రాములూ పోయాయి. కిలోకి ఎంతో వేయమంటే 147 ఎక్కడ, 154 ఎక్కడ, చిన్న పిల్లాడికి కూడా తెలిసిపోతుంది. కిలో లోపు ప్యాకెట్లకి గ్రాము లెక్కే వేయాలని పెట్టిన మహానుభావుడు ఎప్పుడైనా సరుకుల చీటీ రాశాడా?

నూనెవాళ్ల తెలివి అయితే వేరే. 2022 ఆగస్టులో కేంద్రం వాళ్లకి ఒక మాట చెప్పాల్సి వచ్చింది, ఉష్ణోగ్రతలు రాయడం మానండి, లీటరుకి సరైన బరువు రాయండి అని. ఎందుకంటే వేడెక్కితే నూనె పొంగుతుంది. లీటరు సోయా నూనె 21 డిగ్రీల దగ్గర 919 గ్రాములుంటే 60 డిగ్రీల దగ్గర 893కి దిగుతుంది. కొందరు ఆ 60 డిగ్రీల లీటరునే అమ్మారు. మా తెనాల్లో రోహిణీ కార్తెలో కాకులు కూడా సొమ్మసిల్లుతాయి గానీ, 60 డిగ్రీలు మేం ఎరగం.

సరే, నూనె సంగతి అలా ఉంచండి. ఒంటిసబ్బు నడుం దగ్గర లోపలికి పోయింది, పట్టు కోసమట. అగరుబత్తి పుల్ల పొడవు అంతే ఉంది, మందు పట్టించిన మేర మాత్రం ఏటేటా పైకి జరుగుతోంది. పిల్లల చిప్సు ప్యాకెట్ గురించి రాస్తే గాలి కబుర్లంటారు.

ధర పెంచొద్దని మేం అన్నామా? 2021 డిసెంబరు 1న అగ్గిపెట్టె రూపాయి నుంచి రెండు రూపాయలైంది. 14 ఏళ్ల తర్వాత మొదటిసారి. శివకాశి వాళ్లు నెల ముందే చెప్పారు, ముడిసరుకులు మండిపోతున్నాయి, తప్పడం లేదు, పుల్లలు 36 ఉన్నవి 50 చేస్తాం అని. రెట్టింపు ధరండీ! ఎవరైనా గొడవ చేశారా? నేను రెండు రూపాయలిచ్చి తెచ్చుకున్నాను, నోరెత్తలేదు. అగ్గిపెట్టె వాళ్లకున్న ధైర్యం ఇంతింత పెద్ద కంపెనీలకి లేకపోయిందే అని నా ఏడుపు.

ఇది కేంద్రం పరిధి, మా చేతుల్లో ఏముందమ్మా అంటారు. తెలుసండి. కానీ మాకు ఢిల్లీ తెలీదు, మా బజారుకొచ్చి కాటాలు తిప్పి చూసేది మీరే. మీరు పైకి ఒక్క ముక్క రాయండి. ఫ్రాన్సులో 2024 జూలై 1 నుంచి పెద్ద పెద్ద దుకాణాల్లో ఏ సరుకు బరువు తగ్గిందో, దాని ధర ఎంత పెరిగినట్టో రెండు నెలల పాటు బోర్డు పెట్టి చెబుతున్నారట. అంత వద్దు. ప్యాకెట్ ముందు వైపున, కళ్లజోడు లేకుండా కనపడేలా, "ఇంతకు ముందు 910, ఇప్పుడు 850" అని అచ్చు వేయించండి చాలు. దీపం పక్కన ఖాళీ చాలా ఉంది. వీలైతే నూనెకీ, ఉప్పుకీ, పప్పుకీ ఆ పాత బరువులు మళ్లీ పెట్టించండి. సబ్బు, బిస్కెట్టు తర్వాత చూసుకుందాం. వచ్చే వేసవి లోపల అయితే మరీ మంచిది. మా అత్తగారికి ఎనభై దాటాయి, ఆవిడ లెక్క ఇప్పుడు మార్చుకోమని చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

ఇట్లు,
తమ విధేయురాలు,
తెనాలి

తా.క.: ఈ ఉత్తరం ప్రతి ఒకటి మీ ఆఫీసుకి పోస్టులో పంపుతున్నాను. పోస్టాఫీసులో తూచి, 20 గ్రాముల మీద ఒకటిన్నర ఎక్కువుందని ఇంకో అయిదు రూపాయల స్టాంపు అంటించమన్నారు. అంటించాను.