కోతలైపోయాక వచ్చారు

గుంటూరు కొత్తపేటలో, సందుకో ఆసుపత్రి ఉన్నచోట, ఒక చీకటి గది నా ఇల్లు. నేను స్కానింగ్ మిషన్‌కు తగిలించి ఉండే ప్రోబ్‌ని. మాఘం మొదలుకొని చైత్రం దాకా ఆ గదిలోకి వచ్చే ఆడవాళ్ల చీరల్లో మిరప ఘాటు ఉంటుంది. చేతులు మండుతున్నాయని మంచం మీద పడుకుని కూడా అరచేతులు విప్పే ఉంచుతారు. చల్లటి జెల్ పొట్ట మీద పడగానే ఉలిక్కిపడతారు. ఆ ఉలికిపాటుతోనే మా పరిచయం మొదలవుతుంది.

నాకు కన్ను లేదు. ఉన్నవి గొంతూ చెవీ. నా మొహం వెనక వరసగా పేర్చిన సన్నటి పలుకులు కరెంటు తగిలితే వణుకుతాయి, తిరిగొచ్చిన శబ్దం తాకితే కరెంటు పుట్టిస్తాయి. స్ఫటికాల్లో ఉన్న ఈ గుణాన్ని 1880లో క్యూరీ అన్నదమ్ములు పట్టుకున్నారు. మనిషి చెవి సెకనుకు 20 వేల కంపనాల దగ్గర ఆగిపోతుంది. నా పలుకు 30 లక్షలు దాటి ఉంటుంది. ఇనుములో పగుళ్లు వెతికే యంత్రంతో గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ అనే డాక్టరు కడుపులోని గడ్డలను పరీక్షించాడు. 1958లో ఆయనా సహచరులూ అచ్చువేసిన వ్యాసంతో మా వంశం లోకానికి తెలిసింది. ఎముక నా పలుకును గట్టిగా తిప్పికొడుతుంది, అది తెరమీద తెలుపు. నీరు తిప్పికొట్టదు, అది నలుపు. ఆ రెండింటి నడుమ బిడ్డ తల నాకు వినిపిస్తుంది.

ఆ తల చూడటానికి అనువైన కాలం అయిదో నెల, 18 నుంచి 22 వారాలు. అప్పుడు చేసే స్కానింగ్‌ను టిఫా అని ఊళ్లో ఆశా కార్యకర్త కూడా అంటుంది. కోడిగుడ్డులాంటి పుర్రె, నడిమధ్య గీత, ఆ గీత ముందుభాగంలో చిన్న పెట్టెలాంటి నల్లటి ఖాళీ. ఆ పెట్టె కనబడకపోతే డాక్టరమ్మ చెయ్యి ఆగిపోతుంది. మెదడు రెండు సగాలనూ కలిపే వంతెన సరిగా కట్టుకోలేదేమోనని వెతుకుతుంది. తర్వాత నీటి గదులు. వాటి వెడల్పు 10 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. 15 దాటితే ఆమె మాట నెమ్మదిస్తుంది. వెనకవైపు చిన్నమెదడు ఉంటుంది. ఈ వయసులో దాని వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో బిడ్డకు దాదాపు అన్ని వారాలు. ముట్టు తేదీ అడిగితే "దసరా వెళ్లినాక ఆగిందండీ" అనే తల్లుల దగ్గర ఆ కొలత నాకెంత ఆసరానో!

వెన్ను మూసుకోని బిడ్డల్లో చాలామందికి ఆ సంగతి తలలోనే తెలుస్తుంది. వెన్నులోంచి నీరు కారిపోతే మెదడు కిందికి దిగుతుంది. నుదురు రెండు పక్కలా లోపలికి నొక్కుకుని పుర్రె నిమ్మకాయలా, చిన్నమెదడు అరటిపండులా వంగి కనిపిస్తాయి. 1986లో లండన్‌లో నికొలైడ్స్ బృందం ఈ గుర్తులను వివరించింది.

నేను అయిదో నెలలో చూడలేనివీ ఉన్నాయి. అప్పటికి మెదడు పైభాగం ఇంకా దాదాపు నున్నగానే ఉంటుంది, ముడతలు తర్వాత పడతాయి. అనుమానముంటే ఏడో నెలలో మళ్లీ రమ్మంటారు, ఎంఆర్ఐకి పంపుతారు. ఆడో మగో మాత్రం ఏ నెలలోనూ చెప్పరు. 1994 చట్టం ప్రకారం అది నేరమని గోడమీద తెలుగులోనే రాసి ఉంది. అత్తగార్లు ఆ బోర్డు చదివి కూడా అడుగుతూనే ఉంటారు.

ఒక వేసవిలో వచ్చిన మనిషిని నేను మరచిపోలేను. ఆదోని వైపు నుంచి మిరప కోతలకు వలస వచ్చింది. నెలల తరబడి చేల గట్లమీద గుడిసెలో ఉన్నారు. అప్పటికి ఏడో నెల, అదే మొదటి స్కానింగ్.

"కోతలుండె మేడమ్, రాలేకపోతిమి" అంది అత్త.

ముఖం దొరికింది, కళ్లు దొరికాయి. కళ్లకు పైన నా పలుకును తిప్పికొట్టే ఎముక లేదు. గుండె మాత్రం చక్కగా కొట్టుకుంటోంది. ఇది మూడో నెలాఖరుకే తెలుసుకోగలిగే లోపం. పుట్టినా బతకని బిడ్డ. ఏడో నెలలో తెలిస్తే ఆ తల్లి ముందు మిగిలేవి కష్టమైన దారులే. 24 వారాలు దాటితే 2021 సవరణ ప్రకారం మెడికల్ బోర్డు తేల్చాలి.

"గ్రహణం నాడు చేన్లో ఉండె. దానికేనా మేడమ్?"

"గ్రహణానికీ దీనికీ సంబంధం లేదమ్మా. ఈ పిల్ల చేసిన తప్పేమీ లేదు" అంది డాక్టరమ్మ. ఆ మాట మూడుసార్లు చెప్పింది. మూడోసారి కోడలి చెయ్యి పట్టుకుని చెప్పింది.

బిడ్డ కడుపున పడ్డ 28 రోజుల్లోపే మెదడూ వెన్నుపామూ కాబోయే గొట్టం మూసుకుంటుంది. పైకొస మూసుకోకపోతే ఇలా అవుతుంది. అప్పటికి నెల తప్పిన సంగతే సరిగా తెలియదు. నాకు వినిపించేంత బిడ్డా ఉండదు. నాకంటే ముందుగా చేరాల్సింది ఫోలిక్ యాసిడ్ మాత్ర. ఏడు దేశాల్లో జరిగి 1991లో వెలువడిన బ్రిటిష్ పరిశోధనలో, ఒకసారి ఇలాంటి బిడ్డ కలిగిన తల్లులకు గర్భానికి ముందునుంచే ఎక్కువ మోతాదులో ఇస్తే మళ్లీ రావడం 72 శాతం తగ్గింది. డాక్టరమ్మ చీటీ మీద ఆ మాత్ర రాసి, ఈసారి బిడ్డ కావాలనుకోకముందే మొదలుపెట్టమంది.

మరుసటి ఏడు ఆమె రాలేదు. ఆ తర్వాతి సంక్రాంతి వెళ్లాక, కోతలకు దిగిన వారంలోనే వచ్చింది. మూడో నెల. "మాత్రలు మింగుతానే ఉన్నా మేడమ్" అంది పడుకుంటూ. వేలెడంత బిడ్డ. తల చుట్టూ నా పలుకు ఎక్కడా తెగకుండా తిరిగొచ్చింది, సన్నటి తెల్లటి గుండ్రం. డాక్టరమ్మ తెరను ఆమె వైపు తిప్పింది.

టిఫా తేదీ లెక్కవేస్తే మార్చి నడుమ పడింది, కోతలు ముమ్మరంగా ఉండే రోజుల్లో. ఆమె చీటీ మడిచి కొంగున కట్టుకుంది.

"ఒక దినం కూలి పోతుంది. మేస్త్రీనడిగి వస్తా మేడమ్."

డాక్టరమ్మ నా మొహానికంటిన జెల్ తుడిచి, కేలెండర్‌లో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టింది.