పీసీబీ సారు

పటాన్‌చెరు, బొల్లారం పక్క ఊళ్లలో 'సారు వస్తున్నడట' అంటే బడిపంతులు కాదు, తహసీల్దారూ కాదు. కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) ఇంజినీరు. ఆయన ముక్కు మహా చట్టబద్ధమైనది. వాసన ఇంతకు మించరాదని మన చట్టాల్లో ఎక్కడా హద్దు గీయలేదు గనుక ఆ ముక్కుకు ఏ వాసనా తగలదు.

"రాత్రంతా నిద్ర లేదు సార్. కండ్లు మండుతున్నయ్, పిల్లలు దగ్గుతున్నరు," అంటాడు ఊరి రైతు.

"ఎన్ని గంటలకు పెద్దాయనా?"

"రెండింటికి."

"ఇప్పుడు పదకొండు," అంటాడు సారు గడియారం చూసుకుని. అబద్ధమాడాడని ఎవరూ అనలేరు.

ఆయన వచ్చేది పగలు. ఫ్యాక్టరీలు వాగులోకి నీళ్లు వదిలేది రాత్రి, కాదంటే జోరువాన పడ్డప్పుడు. ఈ రెండు ముహూర్తాలూ ఏనాడూ కలవవు.

ఇక నమూనా తీయడం చూసి తీరాలి. 1974 నాటి జల చట్టం ప్రకారం ముందు నోటీసు చేతికివ్వాలి, కంపెనీ మనిషి ఎదుట నీటిని రెండు భాగాలు చేయాలి, సీసాలకు సీలు వేయాలి, సంతకాలు పెట్టించాలి. సారు ఇందులో నిష్ఠగల పురోహితుడు, ఒక్క మంత్రం తప్పనివ్వడు. తప్పితే కోర్టులో కేసు నిలబడదని ఆయనకు తెలుసు. కాకపోతే నీళ్లు పట్టేది కంపెనీవాళ్లు చూపించిన కుళాయి దగ్గర. పక్కనే శుద్ధి చేసిన నీళ్ల తొట్టిలో రంగురంగుల చేపలు తిరుగుతుంటాయి. "చూశారుగా సార్, చేపలు కూడా బతుకుతున్నాయి," అంటాడు మేనేజరు కొబ్బరిబోండాం అందిస్తూ. ఆ చేపల్ని ఎన్నాళ్లకోసారి మారుస్తారని సారు అడగడు. ఫారంలో ఆ కాలమ్ లేదు.

కాలమ్ లేనిది ఆయన లోకంలో లేనట్టే. మందుల ఫ్యాక్టరీల మురుగునీరు చేరే పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు తేల్చారు. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత మందు ఉండదు. లోకం ముక్కున వేలేసుకుంది. సారు ఫారం తిరగేశాడు. పీహెచ్ ఉంది, బీఓడీ ఉంది, సీఓడీ ఉంది, యాంటీబయాటిక్ లేదు. 2020 జనవరిలో కేంద్రం ముసాయిదాలో వాటికీ పరిమితులు పెట్టింది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి అవి మాయం. సారు హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. అక్కడి గాలిలో ఎంత హాయిగా పీల్చగలరో అంత.

మరీ తిట్టడానికీ మనసొప్పదు. దేశంలోని కాలుష్య మండళ్లలో మంజూరైన పోస్టుల్లో దాదాపు సగం ఖాళీ. లేనివాళ్ల ఫైళ్లన్నీ ఉన్న సారు బల్ల మీదే. ధైర్యం చేసి 'ఈ ఫ్యాక్టరీ మూసేయాలి' అని రాశాడే అనుకోండి. షోకాజ్ నోటీసు, హియరింగ్, టాస్క్‌ఫోర్స్ కమిటీ, మూసివేత ఉత్తర్వు, కరెంటు కట్. మర్నాడు పైనుంచి ఫోను: "కార్మికుల పొట్టకొడతావటయ్యా?" వెంటనే బ్యాంకు గ్యారంటీ, దాని వెనకే 'మూసివేత తాత్కాలిక రద్దు'. తాత్కాలికమంటే మూడు నెలలు. గడువు తీరగానే ఇంకో మూడు నెలలు. సారు రిటైరై మనవణ్ని ఎత్తుకునే నాటికీ ఆ ఫైలు తాత్కాలికంగానే నడుస్తుంటుంది.

ఏడాదిలో ఆయన మొహం వెలిగేది ఒక్క వినాయక చవితికే. మండలి తరఫున మట్టి గణపతులు పంచుతూ ఫోటోలో ముందు వరుసలో నిలబడతాడు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో చెరువులకు ఎంత చేటో గొంతెత్తి చెబుతాడు. మట్టి విగ్రహం అందుకున్న ఇల్లాలు హైకోర్టుకెళ్లి స్టే తెచ్చుకోదు మరి.

మీ ఊరి వాగు ఎప్పుడైనా నురగలు కక్కితే సారు కోసం ఎదురుచూడకండి. తేదీ, టైము పడేలా ఫోటో తీసి, దరఖాస్తుకు జతచేసి ఇవ్వండి, ఇచ్చినట్టు రసీదు అడిగి తీసుకోండి. ఆయన వచ్చేసరికి నీళ్లు వెళ్లిపోతాయి గానీ, రసీదు ఇచ్చిన కాగితాన్ని మాత్రం సారు పారేయలేడు.