టైరు మీమాంసకుడు

అమెరికాలో మంచు పడే ఊళ్లన్నిటా టైరు మీమాంసకుడు ఉంటాడు గానీ, డెట్రాయిట్ శివార్లలో, అంటే నోవై, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్ తెలుగిళ్లలో, మరీ విరివిగా కనిపిస్తాడు. వయసు నలభైకి అటూ ఇటూ. గ్రీన్‌కార్డు చేతికి రాగానే మస్టాంగ్ కారు కొంటాడు. వేసవంతా అందులో కూరగాయలు తెస్తాడు. అక్టోబరులో పొద్దున్నే చలి తగలగానే దానికి ఏ టైర్లు వేయాలన్న మీమాంసలో పడతాడు.

విషయం అతనికి క్షుణ్ణంగా తెలుసు, అక్కడ వంక పెట్టడానికి లేదు. సమ్మర్ టైరు వెచ్చటి రోడ్డును, తడిసినా సరే, కరిచి పట్టుకుంటుంది. 7 డిగ్రీల సెల్సియస్ దిగువన దాని రబ్బరు బిగుసుకుపోయి పట్టు తప్పుతుంది. గడ్డకట్టే చలిలో పగుళ్లు కూడా రావచ్చు. వింటర్ టైరు చలిలోనూ మెత్తగానే ఉంటుంది, ట్రెడ్ నిండా ఉన్న సన్నని కోతలతో మంచును పట్టుకుంటుంది. ఎండాకాలం తిప్పితే మాత్రం ఇట్టే అరిగిపోతుంది. ఆల్‌సీజన్ ఈ రెండింటికీ మధ్యేమార్గం. ఆ పేరెత్తితే అతనికి మంట. "అన్నిటికీ పనికొచ్చేది దేనికీ పనికిరాదండీ" అని పాట్‌లక్‌లో పక్కాయనకు వివరిస్తాడు. పక్కాయన అడిగింది పెరుగన్నం ఎక్కడ పెట్టారని.

ఎవరింటికి వెళ్లినా గుమ్మం ఎక్కేముందు వాళ్ల కారు దగ్గర వంగుతాడు. జేబులోంచి పెన్నీ తీసి, తలకిందులుగా ట్రెడ్ గాడిలో నిలబెట్టి, దాని మీది లింకన్ తల మొత్తం కనపడితే టైరు పనైపోయిందని తేలుస్తాడు. పక్కగోడ మీది నాలుగంకెల్లో మొదటి రెండూ టైరు తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అవి చదివి టైరుకు జాతకం చెబుతాడు. "మాది ఆల్‌వీల్ డ్రైవ్ కదా" అని ఆ ఇంటాయన ధైర్యం తెచ్చుకుంటే జాలిపడతాడు: "అది బండిని కదుపుతుందండీ. ఆపాల్సింది టైరే." ఈ మాట నిజం కూడా.

"ఏమండీ, ఉన్న టైర్లకేమొచ్చింది?" అని భార్య ఒకసారి అడుగుతుంది. జవాబుగా ఎక్సెల్ షీటు తెరుచుకుంటుంది. రెండోసారి అడగదు.

నెలరోజుల మథనం తర్వాత, కొండ మీద మంచుపువ్వు గుర్తున్న అసలు సిసలు వింటర్ టైర్లు నాలుగు కొంటాడు. వాటికి అంగుళం చిన్న చక్రాలు వేరే. థాంక్స్‌గివింగ్‌కు ముందే బిగింపిస్తాడు.

తర్వాత మంచు పడుతుంది, లారీలు వచ్చి రోడ్డు మీద ఉప్పు చల్లుతాయి. డెట్రాయిట్ నగరం కిందే ఉప్పు గని ఉంది కాబట్టి అక్కడ ఆ సరుకుకు కరువు లేదు. ఉప్పునీళ్లు తగిలితే కారు అడుగుభాగం తుప్పు పడుతుందన్న సంగతి మీమాంసకుడికి అప్పుడు తడుతుంది. మస్టాంగ్ కొత్త టైర్లతో సహా గరాజ్‌లో ముసుగు కప్పుకుని ఏప్రిల్ దాకా నిలబడిపోతుంది. అతను భార్య నడిపే ఒడిస్సీ వ్యాన్‌లో పక్కసీట్లో కూర్చుని ఆఫీసుకు వెళ్తాడు. దానికి నాలుగేళ్లుగా ఉన్నవి ఆల్‌సీజన్ టైర్లే.