చెయ్యెత్తితే నేరం, బిందె ఎత్తితే సంసారం

రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషనై, కీమో, రేడియేషన్ ముగించుకుని ఇంటికొచ్చిన ఆడమనిషికి జంషెడ్‌పూర్ సోనారిలోని మన తెలుగిళ్ళు వెంటనే ఒక కొత్త ఉద్యోగం వేయిస్తాయి: కదలకుండా కూర్చోవడం. "ఓలమ్మా, ఆపరేషనైన చెయ్యే, పైకెత్తకు" అని పిన్నిగారు. "దోముహానీ సంగమం దాకా నడుస్తావా? పచ్చి ఒళ్ళు!" అని పక్కింటి వదిన. రెండేళ్ళు గడిచినా ఆ ఒళ్ళు పచ్చిగానే ఉంటుంది.

చిత్రమేమిటంటే, ఈ నిషేధం గుమ్మం బయటికే. లోపల అదే చేత్తో పిండి పిసకొచ్చు, తడి దుప్పట్లు పిండి దండెం మీద ఆరెయ్యొచ్చు, అటక మీది డబ్బా దించొచ్చు. నిండిన బకెట్టు ఎంత బరువుందో ఏ మావయ్యగారూ అడగరు. ఖర్కాయి నది గాలి తగిలితే వాచే చెయ్యి వంటింటి ఆవిరికి వాచదు కాబోలు.

భయం ఉత్తినే పుట్టలేదు. చంకలోని లింఫు గ్రంథులు తీసేసినా, అక్కడ రేడియేషన్ ఇచ్చినా, ద్రవం సరిగా పారక కొందరికి చెయ్యి వాస్తుంది. దాన్నే లింఫెడీమా అంటారు. అందుకే వెనకటి డాక్టర్లు కూడా బరువులెత్తొద్దనేవారు. 1996లో వాంకూవర్‌లో డాన్ మెకంజీ అనే డాక్టరుకి ఈ మాట మింగుడుపడలేదు. రొమ్ము క్యాన్సర్ దాటొచ్చిన 24 మంది ఆడవాళ్ళని డ్రాగన్ పడవెక్కించి తెడ్లు చేతికిచ్చాడు. ఎవరికీ కొత్తగా చెయ్యి వాయలేదు. పాతికమందితో ఏం తేలుతుందనే వాళ్ళ కోసం 2009లో క్యాత్రిన్ ష్మిట్జ్ బృందం న్యూ ఇంగ్లండ్ వైద్య పత్రికలో ఇంకో లెక్క చూపించింది. అప్పటికే చెయ్యి వాచిన 141 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టు చేత కొద్దికొద్దిగా పెంచుకుంటూ బరువులెత్తించారు. ఏడాది తిరిగేసరికి వాపు ఉధృతమైనవాళ్ళు ఎత్తిన జట్టులో 14 శాతం, ఎత్తని జట్టులో 29. ఆ పత్రిక పిన్నిగారికి ఇంకా అందినట్టు లేదు.

నడక సంగతికొస్తే, 2005లో రొమ్ము క్యాన్సర్ వచ్చిన అమెరికా నర్సుల మీద వచ్చిన అధ్యయనంలో, వారానికి మూడు నుంచి ఐదు గంటల నడకపాటి శ్రమ చేసినవారిలో మరణాలు తక్కువ కనిపించాయి. అది పరిశీలన మాత్రమే సుమా. "నువ్వు నడవలేదు గనకే తిరగబెట్టింది" అనే ఇంకో రకం పిన్నిగారి చేతికి దీన్ని ఇవ్వకండి.

పోనీ, మన ఊరు ఆటలెరగనిదా? 1984లో ఎవరెస్టెక్కిన బచేంద్రీ పాల్ ఉద్యోగం చేసిన ఊరు. విలువిద్య అకాడమీ ఉన్న ఊరు. ఇక్కడి క్యాన్సర్ ఆసుపత్రి ఎవరి పేరిట ఉంది? మెహర్‌బాయి టాటా. చీరకట్టుతోనే టెన్నిస్ ఆడి కప్పులు గెలిచిన మనిషి, 1931లో ల్యుకేమియాతో పోయింది. ఆవిడ పేరున్న గేటులోంచి బయటికొచ్చి, చెయ్యెత్తొద్దని సలహా చెప్పే ధైర్యం మనకే చెల్లింది.

అసలు సంగతి చెయ్యి కాదనుకుంటాను. మెరీన్ డ్రైవ్ రోడ్డు మీద ఆ జబ్బు దాటిన ఆవిడ కనిపిస్తే నలుగురూ గుర్తుపడతారు. రాలిన జుట్టు ఇంకా పూర్తిగా రాలేదు. ఇంట్లో పెళ్ళీడు పిల్ల ఉంది. "ఆ జబ్బు" పేరు పలకని ఇంటికి, ఆ జబ్బు దాటిన మనిషి రోడ్డు మీద తిరగడం నామోషీ. ఆ నామోషీకి విశ్రాంతి అని ముద్దుపేరు పెట్టాం. ఎముకలకి జబ్బు పాకినవాళ్ళూ, చెయ్యి వాస్తున్నవాళ్ళూ డాక్టర్నో ఫిజియోథెరపిస్టునో అడిగి మొదలుపెట్టాలి, నిజమే. మనం ఆపేది వాళ్ళని మాత్రమేనా?

2019లో అంతర్జాతీయ నిపుణులు అడిగింది పెద్దదేమీ కాదు: వారానికి మూడుసార్లు, అరగంట చొప్పున, ఓ మోస్తరు వ్యాయామం. నీరసం, దిగులు తగ్గడానికి ఆపాటి చాలన్నారు. కాబట్టి బాబాయిలూ, మావయ్యలూ, ఆవిడ చెప్పులేసుకుని బయల్దేరినప్పుడు "ఎక్కడికి?" అనకండి. ఆ అరగంటలో బకెట్లు మీరు నింపండి.