ఒళ్లు కొవ్వెక్కిందా? వాయిదాల్లో దించుతాం!

మా చిన్నప్పుడు ఎవడైనా ఎగిరెగిరి పడితే "ఏరా, ఒళ్లు కొవ్వెక్కిందా?" అని వీపు మీద రెండు వేసేవాళ్లు. కొవ్వు దిగిపోయేది. మత్తుమందు అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. ఇప్పుడు అదే పనికి హైదరాబాదులో ఏసీ హాలు, గ్రీన్ టీ, వడ్డీ లేని వాయిదాలు కావాల్సి వస్తున్నాయి.

మొన్న మా బావమరిదికి తోడుగా అలాంటి క్లినిక్కొకదానికి వెళ్లాను. రెండు నెలల్లో వాడి కూతురి పెళ్లి. కన్యాదానం ఫొటోలో మనిషి కంటే ముందు బొజ్జ పడుతుందని వాడి బెంగ. కౌన్సెలరట, ఓ అమ్మాయి వచ్చింది (డాక్టరు కాదు, అడిగి తెలుసుకున్నాను). వాడి పొట్టను రెండు వేళ్లతో పట్టి, సంతలో బీరకాయ లేతదో ముదురో చూసినట్టు చూసి, "మీకు రెండు ఏరియాలు సార్. మూడోది తీసుకుంటే గడ్డం కింద ఫ్రీ" అంది. కొవ్వుకి కూడా కొసరుంటుందని నాకప్పుడే తెలిసింది.

"బరువెంత తగ్గుతానమ్మా?"

"ఇంచ్ లాస్ ఉంటుంది సార్."

అడిగింది కిలోల్లో, చెప్పింది అంగుళాల్లో! బయట హోర్డింగు మీద మాత్రం 'బరువుకు వీడ్కోలు' అని తెలుగులో, బారెడు అక్షరాలతో ఉంది. సంతకం పెట్టమన్న కాగితాల్లో, ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో, 'ఇది బరువు తగ్గించే చికిత్స కాదు' అని ఉంది. నిజం చెప్పలేదని ఎవరూ అనడానికి లేదు.

అక్కడ చేసేది లైపోసక్షన్ సర్జరీ. ఉప్పునీటిలో తిమ్మిరెక్కించే మందు, రక్తం ఎక్కువ పోకుండా అడ్రినలిన్ కలిపి ఒంట్లోకి ఎక్కిస్తారు. సన్నటి గొట్టం దూర్చి ముందుకీ వెనక్కీ ఆడిస్తూ కొవ్వు పీలుస్తారు. ఒకసారికి 5 లీటర్లు దాటకూడదన్నది మామూలుగా పాటించే హద్దు. ఆ తర్వాత వారాల తరబడి బిగుతు పట్టీ. బాలింత నడికట్టు పాతకాలం చాదస్తమని నవ్వినవాళ్లే దీన్ని వేలు పోసి కొనుక్కుంటున్నారు.

ఇంతా చేసి, వేళ్లకు చిక్కేది చర్మం కింది కొవ్వు. షుగరుకీ గుండెజబ్బుకీ ఎక్కువగా దారి తీసేది పేగుల చుట్టూ పేరుకున్నది. మన మగవాళ్ల బానపొట్టల్లో చాలావరకు అదే. అక్కడికి ఆ గొట్టం పోదు. ఇంటిదొంగను ఈశ్వరుడే పట్టలేడంటారు, ఇక ఈ కౌన్సెలరెంత? అమెరికాలో 15 మంది స్థూలకాయులైన ఆడవాళ్లకు తలా సుమారు 10 కిలోల కొవ్వు తీసి, పది పన్నెండు వారాల తర్వాత పరీక్షించి 2004లో ఫలితం ప్రకటించారు. బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ మాట ఏ హోర్డింగు మీదా కనపడదు.

నటి ఆర్తీ అగర్వాల్ 2015 జూన్‌లో న్యూజెర్సీలో చనిపోయింది, ఈ సర్జరీ చేయించుకున్న కొన్ని వారాలకే. 31 ఏళ్లు. సన్నగా ఉన్న రోజుల్లో ఆమెను నెత్తిన పెట్టుకుని, తర్వాత ఆమె ఒళ్లు గురించి గుసగుసలాడింది మనమే. ఇక్కడ నాకు వెటకారం రాదు. ఆ ఏడాది నవంబరులోనే ఇలాంటి క్లినిక్కుల మీద 'సైజ్ జీరో' సినిమా వచ్చింది. దానికోసం హీరోయిన్ అనుష్క నిజంగానే లావెక్కింది. జనం పెద్దగా చూడలేదు.

ఆ రోజు క్లినిక్కులో నేను ఆ కాగితాలు చదివి వినిపించాక మా వాడు పెన్ను కింద పెట్టి, "బావా, షేర్వాణీ ఓసారి దర్జీకి చూపిద్దామా?" అన్నాడు. దర్జీ టేపు వేశాడు, అంచు తిరగేసి చూశాడు. "లోపల గుడ్డ ఉంది సార్, రెండంగుళాలు వదుల్తా" అన్నాడు. మూడొందలు. సాయంత్రానికి ఇచ్చేశాడు.

క్లినిక్కు నుంచి ఇప్పటికీ ఫోన్లొస్తున్నాయి. నెలాఖరు దాకా జబ్బలకు కూడా ఆఫరుందట. నా నంబరెవరిచ్చారో!